గ్రామసభ నుంచి శాసనసభ దాకా: జవాబు ఎవరు చెప్పాలి?

(నల్గొండలో జరిగిన ఒక సమావేశంలో, పంచాయతీరాజ్ శాఖలో పనిచేసి రిటైరైన అధికారి చేసిన ప్రసంగ పాఠం. వినడానికి వచ్చినవారిలో ఎక్కువ మంది కొత్తగా ఎన్నికైన వార్డు సభ్యులు, సర్పంచులు.)

అందరికీ నమస్కారం.

పొద్దున్నే బస్సెక్కి దేవరకొండ నుంచి, మర్రిగూడ నుంచి, అటు అచ్చంపేట, కల్వకుర్తి నుంచి కూడా వచ్చినవాళ్లున్నారు. చాలా సంతోషం. 2025 డిసెంబర్ 11, 14, 17 తేదీల్లో జరిగిన పంచాయతీ ఎన్నికల్లో గెలిచినవాళ్లే ఎక్కువగా కనబడుతున్నారు. ఓడిపోయినవాళ్లు కూడా కొందరు వచ్చారని చెప్పారు. వాళ్లకు ప్రత్యేకంగా నమస్కారం. ఊళ్లో లెక్క అడగడానికి ముందు వరుసలో ఉండాల్సింది మీరే. ఓడామని ఇంట్లో కూర్చుంటే ఊరికి నష్టం.

నేను చెప్పదలచుకున్నది ఒకటే సంగతి. మన దగ్గర పదవిలో ఉన్న ప్రతి మనిషీ పైవాళ్లకు జవాబు చెప్తున్నాడు. సర్పంచ్ కలెక్టర్‌కు చెప్తాడు, ఎమ్మెల్యేకు చెప్తాడు. ఎమ్మెల్యే పార్టీ పెద్దకు చెప్తాడు. ఓటేసిన మనిషికి మాత్రం ఎవరూ చెప్పరు. దీనికి ఒక్క మనుషుల గుణాన్నే తప్పుపట్టి లాభం లేదు. చట్టం, నిధులు, అలవాటు మూడూ కలిసి ఇట్లా తయారు చేశాయి. అందుకే సరిచేయడం కూడా సాధ్యమేనని నేను నమ్ముతున్నాను.

మొన్నటిదాకా ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. 2019 జనవరిలో ఎన్నికైన పంచాయతీల గడువు 2024 జనవరి నెలాఖరుకు అయిపోయింది. గడువు ముగిసేలోపే కొత్త ఎన్నికలు జరపాలని రాజ్యాంగం 243-ఈ అధికరణంలో స్పష్టంగా ఉంది. జరగలేదు. రిజర్వేషన్ల వివాదం, కోర్టు కేసులు, మధ్యలో పార్లమెంటు ఎన్నికలు, ఇట్లా కారణాలు చాలా చెప్పారు. ఏదైతేనేం, దాదాపు రెండేళ్లు ఊళ్లు స్పెషల్ ఆఫీసర్ల చేతిలో ఉన్నాయి. ఆ ఆఫీసర్‌కు తన సొంత శాఖ పని ఉంటుంది, ఈ ఊరి బాధ్యత దాని మీద అదనం. వీధిలైటు వెలగకపోతే కార్యదర్శిని అడుగుతాం, ఆయన స్పెషల్ ఆఫీసర్ పేరు చెప్తాడు, ఆ సార్ మీటింగ్‌లో ఉంటాడు. ఎన్నికైన పాలకవర్గం లేదని ఆర్థిక సంఘం నిధులు కూడా ఆగిపోయాయి. మోటారు కాలిపోతే బాగుచేయించడానికి కార్యదర్శులు జేబులో డబ్బు పెట్టిన ఊళ్లు ఉన్నాయి.

ఆ మధ్యలోనే 2025 జనవరి 21 నుంచి 24 దాకా రాష్ట్రమంతా గ్రామసభలు పెట్టారు. రేషన్ కార్డులు, ఇందిరమ్మ ఇళ్లు, రైతు భరోసా, ఆత్మీయ భరోసా జాబితాలు చదివారు. ఒక ఊళ్లో నేను కూడా వెనక నిలబడి విన్నాను. టెంటు వేశారు, టేబుల్ మీద ఆకుపచ్చ గుడ్డ పరిచారు, ఒక అధికారి పేర్లు చదువుతున్నాడు. ఒక పెద్దమ్మ చేతిలో దరఖాస్తు జిరాక్స్ పట్టుకుని లేచి, "సారూ, నా పేరెందుకు రాలే?" అని అడిగింది. ఆయన కోప్పడలేదు, మర్యాదగానే చెప్పాడు: "లిస్టు పైనుంచి వచ్చిందమ్మా, మాకేం తెల్వదు." ఆమె మళ్లీ అడిగింది, "పైనంటే ఎవరు సారూ?" ఆ ప్రశ్నకు ఆ టేబుల్ దగ్గర జవాబు లేదు. అక్కడ కూర్చున్నవాళ్లలో ఆ ఊరు ఓటేసి గెలిపించుకున్న మనిషి ఒక్కరూ లేరు.

గ్రామసభ అంటే ఊరు అడగాలి, పాలకవర్గం చెప్పాలి. పైనుంచి వచ్చిన కాగితం చదివి వెళ్లిపోతే ఆ తంతుకు గ్రామసభ అని పేరు పెట్టకూడదు.

ఇప్పుడు సర్పంచులు వచ్చారు. మంచిదే. కానీ సర్పంచ్ ఏ పరిస్థితిలో పనిచేస్తాడో ఊరికి కూడా తెలియాలి. 2018 పంచాయతీరాజ్ చట్టం సర్పంచ్ మీద చాలా బరువు పెట్టింది. పంచాయతీ బడ్జెట్‌లో పది శాతం పచ్చదనం కోసం పెట్టాలి, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి. తప్పు చేస్తే సస్పెండ్ చేసే అధికారం కలెక్టర్‌కు ఇచ్చింది. చెక్కు మీద సర్పంచ్‌తో పాటు ఉపసర్పంచ్ సంతకం కూడా ఉండాలంది. 2019 సెప్టెంబర్ నుంచి పల్లెప్రగతి వచ్చింది. వైకుంఠధామం (శ్మశానవాటిక) కట్టాలి, డంపింగ్ యార్డు కట్టాలి, పల్లె ప్రకృతి వనం పెంచాలి, ట్రాక్టర్ కొని దాని కిస్తీ కట్టాలి. ఫలానా తేదీ లోపల కావాలని పైనుంచి ఒత్తిడి. చాలామంది సర్పంచులు వడ్డీకి తెచ్చి పనులు చేశారు. ఎంబీ (పని కొలతల పుస్తకం) రికార్డయింది, బిల్లు ఎస్టీవో ఆఫీసుకు, అంటే సబ్ ట్రెజరీకి వెళ్లింది, బిల్లుకు టోకెన్ నంబర్ పడింది. డబ్బు మాత్రం పడలేదు. పదవీకాలం అయిపోయి రెండేళ్లయినా ఆ టోకెన్ నంబర్లు పట్టుకుని తిరిగిన మాజీ సర్పంచులు మీ మండలాల్లో కూడా ఉంటారు.

ఇందులో నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇంకొకటి ఉంది. బిల్లు కోసం, ఇంకో పని మంజూరు కోసం ఆ సర్పంచ్ ఎమ్మెల్యే క్యాంపు ఆఫీసు మెట్లెక్కుతాడు. పార్టీ గుర్తు లేకుండా గెలిచినవాడు నెల తిరగకుండా ఏదో ఒక కండువా కప్పుకుంటాడు. ఊరి వాళ్లు "మారిపోయిండు" అంటారు. నిజానికి ఆ మనిషి మారకుండా ఉండే దారి మనం ఉంచలేదు. ఊరికి సొంతంగా వచ్చే నిధులు సమయానికి వస్తే ఆయన ఎవరి మెట్లూ ఎక్కే పని ఉండదు.

ఇక ఎమ్మెల్యేల సంగతి. ఉమ్మడి నల్గొండలో 12 మంది, ఉమ్మడి మహబూబ్‌నగర్‌లో 14 మంది. 119 మంది ఉన్న సభలో మన రెండు పాత జిల్లాలవాళ్లే 26 మంది. మీలో ఎవరైనా చెప్పండి, మీ ఎమ్మెల్యే పోయిన సమావేశాల్లో శాసనసభలో ఏ ప్రశ్న అడిగారు? ఏ పద్దు మీద మాట్లాడారు? ఒక్క చెయ్యి కూడా లేవలేదు. అదే మీ ఊళ్లో పెళ్లికి వచ్చారా, ఫలానా ఇంట్లో చావుకు వచ్చి పలకరించారా అంటే అందరం టక్కున చెప్తాం. ఎమ్మెల్యే కూడా దాన్ని బట్టే తన పని ఎంచుకుంటారు. కల్యాణలక్ష్మి చెక్కు చూడండి. 1,00,116 రూపాయలు, అర్హత ఉన్న ఆడపిల్ల తల్లికి రావాల్సిన ప్రభుత్వ సొమ్ము. దానికి ఎమ్మెల్యే సంతకం, తర్వాత ఫంక్షన్ హాల్లో పంపిణీ, ఫొటో. చెక్కు తయారై ఉన్నా ఆ కార్యక్రమం తేదీ కుదిరేదాకా ఆ తల్లి ఎదురుచూడాలి. బ్యాంకు ఖాతాలో నేరుగా పడాల్సిన డబ్బు అది. చేతికి ఇచ్చినందుకు ఆమె దండం పెడుతుంది. దండం పెట్టిన చేత్తో రేపు నిలదీయడం కష్టం.

శాసనసభ్యుడి అసలు పని సభలో ఉంది. ప్రశ్నోత్తరాల్లో అడిగితే మంత్రి లెక్కలతో జవాబు ఇవ్వాలి. జీరో అవర్‌లో ఊరి సమస్య లేవనెత్తవచ్చు. బడ్జెట్ పద్దుల మీద చర్చలో "పంచాయతీల టోకెన్లు ఎన్ని ఆగాయి, ఎన్ని కోట్లు, ఎప్పటిలోగా ఇస్తారు" అని నిలదీయవచ్చు. ప్రభుత్వ ఖర్చులను ఆడిట్ చేసే కాగ్ నివేదికలు సభ ముందుకు వస్తాయి, వాటిని ప్రజాపద్దుల కమిటీ చూస్తుంది. పంచాయతీలకు రాష్ట్ర ఆదాయంలో ఎంత వాటా ఇవ్వాలో చెప్పడానికి 243-ఐ అధికరణం కింద రాష్ట్ర ఆర్థిక సంఘం ఉండాలి, దాని సిఫార్సుల మీద ఏం చేశారో ప్రభుత్వం సభకు చెప్పాలి. మీ ఊరి మోటారు రిపేరు డబ్బుకూ ఆ సభకూ సంబంధం ఇక్కడ ఉంది. సర్పంచ్ వంద సార్లు ఎస్టీవో ఆఫీసుకు తిరిగినా కదలనిది, ఈ 26 మంది పార్టీలు పక్కనపెట్టి ఒక్క రోజు గట్టిగా అడిగితే కదులుతుంది.

ఇంకో మాట. బహిరంగ సభలో ఇచ్చిన హామీకి, శాసనసభలో ఇచ్చిన హామీకి చాలా తేడా ఉంది. సభలో మంత్రి "చేస్తాం" అంటే అది రికార్డుకు ఎక్కుతుంది. అట్లాంటి హామీలు ఏమయ్యాయో చూడటానికి సభ నిబంధనల్లోనే హామీల కమిటీ ఉంది. కాబట్టి మీ ఎమ్మెల్యేను "మా ఊరికి రండి" అని పిలవడంతో పాటు, "మా సమస్య సభలో మాట్లాడండి, మాట్లాడిన కాగితం మాకు పంపండి" అని కూడా అడగండి.

నల్గొండ వాళ్లకు అడగడం కొత్త కాదు. 1996 పార్లమెంటు ఎన్నికలు ఇక్కడున్న పెద్దలకు గుర్తుండే ఉంటాయి. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పిల్లల కాళ్లు వంకర్లు పోతుంటే, నడుములు వంగిపోతుంటే, ఎన్ని అర్జీలు పెట్టినా వినలేదని జనం నామినేషన్లు వేశారు. నల్గొండ లోక్‌సభ స్థానానికి 480 మంది అభ్యర్థులు. అన్ని పేర్లు ఒక బ్యాలెట్‌లో పట్టించడానికి అధికారులు తలలు పట్టుకున్నారు. గెలిచింది బొమ్మగాని ధర్మభిక్షం గారు. కానీ ఆ ఎన్నికలో దేశం నల్గొండ వైపు తిరిగి చూసింది ఆ మిగతా పేర్ల వల్లే. ఓటు అడగడానికి నిలబడిన మనుషులు కారు వాళ్లు, కృష్ణా నీళ్లు అడగడానికి నిలబడ్డారు.

ఆ ఏడాదే ఏం జరిగిందో కూడా తెలుసుకోండి. కర్ణాటకలో బెల్గాం, తమిళనాడులో మొదకురిచ్చి లాంటి చోట్ల కూడా వందల మంది ఇట్లాగే నిలబడ్డారు. ఆ తర్వాత చట్టం మార్చారు. లోక్‌సభకు 500 రూపాయలున్న డిపాజిట్ 10,000 అయింది. అసెంబ్లీకి 250 ఉన్నది 5,000 అయింది. ఇండిపెండెంట్‌కు పది మంది ప్రతిపాదించాలన్నారు. ఎన్నిక నిర్వహణకు అది అవసరమే కావచ్చు, నేను కాదనను. కానీ జనం అడిగిన నీళ్లు రావడానికి పట్టిన కాలంతో పోలిస్తే, జనం అట్లా అడగకుండా చేయడానికి పట్టిన కాలం చాలా తక్కువ. ఆ కృష్ణా నీళ్లు ఇటు తేవాల్సిన ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం ఈ రోజుకీ పూర్తి కాలేదు. దాదాపు 44 కిలోమీటర్ల సొరంగం, పని మొదలై దాదాపు ఇరవై ఏళ్లయింది. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర అది కూలి ఎనిమిది మంది కార్మికులు లోపల చిక్కుకుపోయారు. వాళ్లు మన ఊళ్ల వాళ్లు కారు, వేరే రాష్ట్రాల నుంచి పొట్టకూటి కోసం వచ్చినవాళ్లు. మన నీళ్ల కోసం పనిచేస్తూ పోయారు. ఆ ఎనిమిది మంది గురించి అడగాల్సిన బాధ్యత కూడా మన ఎమ్మెల్యేల మీద, మన మీద ఉంది.

పార్టీ ఫిరాయింపుల గురించి ఎక్కువ మాట్లాడను, మీకు తెలియనిది కాదు. 2018లో కాంగ్రెస్ గుర్తు మీద గెలిచిన 19 మందిలో 12 మంది 2019 జూన్‌లో అప్పటి టీఆర్‌ఎస్‌లో విలీనమయ్యారు. అందులో మన నకిరేకల్ ఉంది, కొల్లాపూర్ ఉంది. 2023లో కాంగ్రెస్ అధికారంలోకి వచ్చాక గాలి అటు తిరిగింది. బీఆర్‌ఎస్ (పేరు మారిన టీఆర్‌ఎస్) గుర్తు మీద గెలిచి కాంగ్రెస్ వైపు వెళ్లారని పది మంది మీద ఫిర్యాదులు వెళ్లాయి, అందులో గద్వాల ఉంది. మూడు నెలల్లో తేల్చాలని స్పీకర్‌కు సుప్రీంకోర్టు 2025 జూలై 31న చెప్పాల్సి వచ్చింది. ఏ పార్టీ అధికారంలో ఉంటే ఆ పార్టీకి ఇది తప్పుగా కనబడదు. ఓటరు వైపు నుంచి చూస్తే రెండూ ఒకటే. నియోజకవర్గ అభివృద్ధి కోసం మారాను అంటారు. ప్రతిపక్షంలో ఉంటే నియోజకవర్గానికి నిధులు రావని ఒప్పుకున్నట్టేగా అది! అట్లా నిధులు ఆపడం తప్పని సభలో పోరాడాల్సింది పోయి, ఆపినవాళ్ల దగ్గరికే చేరడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

సరే, ఇప్పుడు మీ చేతిలో ఉన్న పని చూద్దాం.

గ్రామసభ రెండు నెలలకు ఒకసారి పెట్టాలి. వరుసగా రెండు సార్లు పెట్టకపోతే సర్పంచ్ పదవే పోతుందని చట్టం చెప్తోంది. అయినా చాలా ఊళ్లలో గ్రామసభ పుస్తకంలోనే జరుగుతుంది. కార్యదర్శి తీర్మానం రాస్తాడు, మనిషిని పంపి ఇంటింటికీ తిప్పి సంతకాలు, వేలిముద్రలు తీసుకుంటారు. దేనికి వేస్తున్నామో అడగకుండా వేస్తాం. ఆ రిజిస్టర్ మీ ఇంటికి వస్తే సంతకం పెట్టకండి. సభ ఎప్పుడు, ఎక్కడ, దండోరా వేయించారా అని అడగండి. ఎన్నికైన కొత్త సర్పంచ్‌లకు కూడా చెప్తున్నాను, ఈ అలవాటు మీతోనే ఆగిపోవాలి.

రెండోది ఎంబీ, అంటే మెజర్‌మెంట్ బుక్. మీ వాడలో సీసీ రోడ్డు వేశారు అనుకోండి. ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) కొలిచి అందులో రాస్తాడు, దాన్ని బట్టే బిల్లు అవుతుంది. ఉదాహరణకు 100 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం అని రాస్తే 45 క్యూబిక్ మీటర్ల కాంక్రీటు. అక్కడ పోసింది 10 సెంటీమీటర్ల మందమే అయితే 30 క్యూబిక్ మీటర్లు. మిగతా 15 క్యూబిక్ మీటర్ల డబ్బు ఎవరిదో ఊరు అడగాలి. దీనికి ఇంజినీరింగ్ చదవక్కర లేదు. రోడ్డు పోసే రోజు అంచు దగ్గర, మధ్యలో టేపు పెట్టి చూడండి, ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. తర్వాత ఎంబీ కాపీ అడగండి. సమాచార హక్కు కింద గ్రామ స్థాయిలో దరఖాస్తుకు ఫీజు లేదు, మండల స్థాయిలో ఐదు రూపాయలు, ఆపైన పది రూపాయలు. ముప్పై రోజుల్లో ఇవ్వాలి. ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీ ప్రజావేదికలు ఇక్కడ చాలా ఏళ్లు జరిగాయి, మస్టర్‌లో (కూలీల హాజరు పట్టీలో) పేరుండి కూలి అందని మనిషి మైకు పట్టుకుని అందరి ముందూ చెప్పడం మీలో చాలామంది చూశారు. ఉపాధి పని మీద అడగగలిగిన ఊరు రోడ్డు మీద ఎందుకు అడగదు?

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక మహిళా వార్డు సభ్యురాలు: "సార్, వార్డు మెంబర్‌కు ఏం పవర్ లేదంటున్నరు. మమ్మల్ని సంతకాలకే పిలుస్తున్నరు.")

లేదని చెప్పేవాళ్లకు అట్లా ఉంటేనే లాభం, అమ్మా. నెల నెలా జరిగే పంచాయతీ సమావేశంలో ఖర్చు, పని, బడ్జెట్ అన్నీ తీర్మానంతోనే సాగాలి. తీర్మానం మీ ఓటుతో అవుతుంది. ఉపసర్పంచ్‌ను ఎన్నుకున్నది మీరే, ఆయన సంతకం లేకుండా చెక్కు కదలదు. పారిశుద్ధ్యం, వీధి దీపాలు, మొక్కలు, పనుల మీద స్టాండింగ్ కమిటీలు ఉండాలి, వాటిని వేయించండి. మీకు ఒప్పుదల లేని తీర్మానం వస్తే గొడవ పడక్కర లేదు. "నా అభ్యంతరం పుస్తకంలో రాయండి" అని నిలబడండి, రాసినాక చదివి సంతకం పెట్టండి.

(ఇంకొకరు: "మా ఊళ్లో మహిళ గెలిచింది గానీ కుర్చీలో ఆమె భర్త కూర్చుంటున్నడు.")

మన రాష్ట్రంలో సగం సీట్లు ఆడవాళ్లవి. అక్కడ కూర్చునే హక్కు ఆయనకు లేదు, ఆ సంగతి కార్యదర్శి చెప్పాలి. చెప్పకపోతే వార్డు సభ్యులు చెప్పండి. ఆ చెల్లెకు మాత్రం మీరు ఇంటికి వెళ్లి వేరేగా చెప్పాలి: రేపు లెక్క తేడా వస్తే రికవరీ నోటీసు ఆమె పేరు మీద వస్తుంది. చదవని కాగితం మీద సంతకం పెట్టవద్దని చెప్పండి. మొదటి రెండు మూడు సమావేశాలకు మహిళా సభ్యులు ఆమె పక్కనే కూర్చోండి. భయం దానంతటదే తగ్గుతుంది.

(వెనక నుంచి ఒక యువకుడు: "ఓటుకు పైసలు తీసుకున్నరు గదా, ఇగ ఏం అడుగుతరు అంటున్నరు సార్.")

2022 మునుగోడు ఉపఎన్నిక అయినప్పటి నుంచి ఈ మాట మరీ ఎక్కువ వింటున్నాం. డబ్బు పంచడం నేరం, పంచినవాడు దాన్ని చూపించి జవాబు ఎగ్గొట్టడం ఇంకా పెద్ద తప్పు. తీసుకోవద్దనే నేను చెప్తాను, గట్టిగా చెప్తాను. కానీ తీసుకున్న మనిషికి కూడా రోడ్డు మీద, నీళ్ల మీద, పంచాయతీ ఖాతా మీద హక్కు పోదు. పంచాయతీలో ఖర్చయ్యేది ఆయన ఇంటి డబ్బు కాదు. సర్పంచ్ పదవిని గుడి పేరు మీద వేలం వేసి ఏకగ్రీవం చేసుకున్న ఊళ్లకూ ఇదే చెప్తున్నాను. గుడికి ఎంత ఇచ్చినా ఐదేళ్ల లెక్క మాఫీ కాదు.

(అదే యువకుడు: "అడిగితే పింఛను ఆపేస్తరని మా నాన్న భయపడుతున్నడు.")

ఆ భయం నిజమైనదే, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. అందుకే ఒక్కరు వెళ్లవద్దు. పది మంది కలిసి, రాతపూర్వకంగా, అందరి సంతకాలతో అడగండి. పంచాయతీలో తీసుకోకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణి ఉంటుంది. అక్కడ ఇచ్చి రసీదు తప్పకుండా తీసుకోండి, రసీదు లేని అర్జీ ఇచ్చినట్టు లెక్కలోకి రాదు. కాపీ ఒకటి జిల్లా పంచాయతీ అధికారికి, ఇంకొకటి మీ ఎమ్మెల్యేకు, "దీని మీద సభలో అడగగలరు" అని ఒక వాక్యం కలిపి పంపండి. మీ నాన్న సంతకం మొదట పెట్టించకండి, మధ్యలో పెట్టించండి.

భోజనం తర్వాత మండలాల వారీగా కూర్చుందాం. గ్రామసభ నోటీసు నమూనా, ఎంబీ కాపీ అడిగే దరఖాస్తు నమూనా ఇక్కడ టేబుల్ మీద ఉన్నాయి, ఒక్కో ఊరికి ఒక్కొక్కటి తీసుకోండి. మీ ఊళ్లో వచ్చే గ్రామసభ తేదీ తెలిసినవాళ్లు ఈ పుస్తకంలో రాసి వెళ్లండి, తెలియనివాళ్లు రేపు కార్యదర్శిని అడిగి ఫోన్ చేయండి.